ఏడో తరగతికి నమూనా పాఠం

మంగళవారం రాత్రి, ఆళ్లగడ్డ

నంద్యాల నుంచి తనిఖీకొచ్చిన అధికారి ముందు ఈరోజు ఏడో తరగతికి ‘సుస్థిర సమాజాలు’ చెప్పాను. పాఠమా అది? వారం రోజులుగా వల్లె వేయించిన నాటకం. నల్లరేగడి బురదలో ఆయన కారు దిగబడుతుందని మా హెడ్మాస్టరు మొన్ననే ఆవరణంతా సిమెంటు చేయించాడు. పోయిన ఏడాది పిల్లలు తవ్విన ఇంకుడు గుంత కూడా ఆ సిమెంటు కిందికే పోయింది. ఈయనగారి పర్యావరణ ప్రేమ అంతటిది.

అధికారి ఫోన్‌లోంచి తలెత్తి, “బడిలో పడిన వాన ఎక్కడికి పోవాలి?” అన్నాడు.

“ఇంకుడు గుంతలోకి!” అని తరగతంతా అరిచింది.

“శభాష్. ఎక్కడుంది, చూపిస్తారా?”

హెడ్మాస్టరు దగ్గాడు. ముందు బెంచీలోంచి షాహిదా లేచి కిటికీ వైపు చెయ్యి చాపింది. “ఆడ ఉంది సార్, మీ కారు కింద.”

ఆ మహానుభావుడు కారు భద్రంగానే ఉందని చూసుకుని, రిజిస్టరులో ‘చాలా బాగుంది’ అని రాసి వెళ్లిపోయాడు.

సాయంత్రం హెడ్మాస్టరు నా మీద పడ్డాడు. “ఆ పిల్లను ఎనక కూచోబెట్టమని చెప్పింటి కదమ్మా! ముందుకెట్ల వచ్చింది?”

తెలీదన్నాను. కూర్చోబెట్టింది నేనే.

ఇప్పుడు బయట వాన పట్టుకుంది. ఆ సిమెంటు వాలంతా ఏడో తరగతి గది వైపే ఉంది. రేపు షాహిదాను ఏ బెంచీలో కూర్చోబెట్టినా కాళ్లు నీళ్లలోనే…