గ్లాసులో కదలని నీళ్ళు

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్

అత్తయ్యగారికి నమస్కారాలు. మీకు ఫోనులో సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను, కంగారుపడకండి. ప్రమోషనొచ్చి కుర్చీలో కూర్చున్నాక బాగా ఒళ్ళు చేశాను. మొన్న ఆదివారం భోంచేసి పడుకుంటే ఒకటే అదురు. రైలు లైను పక్క క్వార్టరు కదా, "గూడ్సు పోతంది, మంచం అదురుతంది" అన్నాను. మీ అమ్మాయి నీలవేణి బల్లమీది గ్లాసు చూసింది.

"నీళ్ళు కదల్నేదు. అదిరింది మంచం కాదు, నీ గుండె. లెగు!" అని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. పెరిగిన బరువే గుండెకు భారమైందని, అది తగ్గితే దడా తగ్గుతుందని డాక్టరు చెప్పారు.

ఈసారి జీడిపప్పు పాకం వద్దు, చోడిపిండి పంపండి, ఇక రాగి అంబలే తాగుతాను. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇలాంటి పిల్లను నాకిచ్చిన మీకు దండాలు. ఇది రాస్తుండగా నిజంగానే గూడ్సు పోతోంది. గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. అయినా నీలవేణి వచ్చి నా గుండెమీద చెయ్యి పెట్టింది.

మీ అల్లుడు
ధర్మారావు