దొర పేరు

సింగారం గడి,
కొల్లాపూర్ తాలూకా.
వ్యయ నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి
(ఫిబ్రవరి 1, 1947)

చిరంజీవి తమ్ముడు వేణుగోపాలరావుకు అక్క శ్యామలమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు గనుక రాశాను. నిజానికి గడిలో ఎవరి మనసూ ఇంకా కుదుటపడలేదు. అక్కడ నువ్వు, మరదలు అండాలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అండాలుకు నెలలు నిండుతున్నాయి. అస్తమానం మెట్లెక్కి దిగవద్దని నా మాటగా చెప్పు.

విషయం ఒక్క ముక్కలో చెప్తాను. మీ బావగారు ఓడిపోయారు. జానయ్య గెలిచాడు. ఏ జానయ్య అని అడుగుతావేమో, మన ఎడ్లబండి తోలే జానయ్యే. కాగితం మీద రాసి చూసుకున్నా నాకే నమ్మకం కలగడం లేదు. నువ్వు నమ్మకపోతే తప్పు పట్టను.

మొదటి నుంచి వరుసగా రాయమని మీ బావగారి ఆజ్ఞ. ఈ ఎన్నికను కొట్టేయించడానికి కోర్టులో ఏదైనా దారి ఉందేమో వకీలువి గనుక నువ్వు చూడాలట. నీకు తెలిసినవి కూడా రాస్తున్నాను, విసుక్కోకు. రాశాక ఆయన చదువుతారు, ఎప్పటిలాగే.

ఈ ఎన్నికలో ఒక్కో వృత్తికి ఒక్కో సీటు కదా. జాగీర్దార్ల సీట్లో మనకంటే పెద్దవాళ్ళున్నారు, అక్కడ మన మాట సాగదు, కౌలుదార్ల సీటు చూసుకోమని సలహా ఇచ్చింది నువ్వే. దొర కౌలుదారు ఎట్లా అవుతాడంటే, ఏటి ఒడ్డున నాన్న వదిలిన భూమి బావగారి పేరున కొంత, నా పేరున కొంత కౌలుకు రాసిచ్చిందీ నువ్వే. ఊళ్ళు ఏలే మనిషి అట్లా బావమరిదికి కౌలుదారయ్యాడు. కాంగ్రెసు వాళ్ళు ఈ ఎన్నికలే వద్దని దూరంగా ఉన్నారు. జిల్లాలో కౌలుదార్లుగా పేర్లెక్కినవాళ్ళు చాలామటుకు మన ఊళ్ళవాళ్ళే. వోట్లు పెరగాలని ఆడవాళ్ళ పేర్లు సహా ఎక్కించింది కూడా ఆయనే.

ఎదురు లేకుండా గెలిస్తే ఊరేగింపుకు అందం ఏముంటుంది, పత్రికలో ఏం వేస్తారు అని ఆయనకు దిగులు పట్టుకుంది. కౌలుదార్ల పట్టీలోనే పేరున్న జానయ్యను పిలిచి, నువ్వు నా మీద నిలబడు అన్నారు. వాడి ముఖంలో నెత్తురు లేదు. “మీ ముంగట నిలబడుడే మాతోని గాదు దొరా, మీ మీద నిలబడుడేంది” అన్నాడు. అయినా దొర మాట దాటలేక వేలిముద్ర వేశాడు.

గెలుపు ఖాయమని నువ్వున్న పట్నంలోనే బంగళా కిరాయికి మాట్లాడారు. అసెంబ్లీకి కొత్త షేర్వాణీ కుట్టించారు. నేను గడి చూసుకుంటూ ఇక్కడే ఉండాలని, బంగళాలో పనికి జంగమ్మ బిడ్డ సాలమ్మ పోవాలని తేల్చారు. జంగమ్మ నీకు తెలుసు కదా, నా పెళ్ళిలో మన ఇంటి నుంచి నాకు దాసిగా ఉండాలని నాతో అరణంగా పంపిన ఆడబాప. అది ఆయన కాళ్ళు పట్టుకుని, “పిల్లకు సంబంధం కుదిరింది దొరా, లగ్గం జేసి పంపుత, జర ఆగుండ్రి” అని ఏడ్చింది. లగ్గానికి తొందరేమిటి, వోట్లు కానీ అన్నారు ఆయన. పట్నం చూసే భాగ్యం వస్తే సంతోషించాలి గాని తల్లీకూతుళ్ళు అన్నం మానేసి కూర్చున్నారు. ఏం మనుషులో.

ఇక వోట్ల రోజు సంగతి. చదువు వచ్చినవాళ్ళు కాగితం మీద తామే గుర్తు పెట్టాలి. రానివాళ్ళు అధికారి ముందుకు పోయి ఎవరికి వోటో పేరు చెప్తే ఆయన గుర్తు పెడతాడు. వచ్చిన అధికారి ముసలాయన, నియమం తప్పే మనిషి కాదు. చావడిలో ఆయన బల్లకు ఎదురుగానే మీ బావగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. దొర కళ్ళముందు ఉంటే ఎవరికీ వేరే బుద్ధి పుట్టదని నేనూ అన్నాను.

మొదట కాటమయ్య వచ్చాడు. ఈ కాటమయ్యకు పురిట్లో పెట్టిన పేరు వేరు. అది మీ బావగారి పేరే కావడంతో, మా మామగారు దాన్ని తీసేయించి కాటమయ్యను చేశారు. మా ఊళ్ళో దొర పేరు ఇంకొకరు పెట్టుకోకూడదు, నోటితో పలకకూడదు. అది తాతల నాటి కట్టు. ఎవరికి వోటు అంటే దొరకు అన్నాడు కాటమయ్య. దొర అనే పేరు ఇక్కడ లేదు, పేరు చెప్పు అన్నాడు అధికారి. కాటమయ్య తలకున్న రుమాలు తీసి చంకలో పెట్టుకుని బావగారి వైపు చూసి దండం పెట్టాడు. “దొర ముంగట దొర పేరు ఎట్ల తీద్దు సారూ. గా పేరు మోసినందుకే నా పేరు మార్సిండ్రు” అన్నాడు. ఉన్న రెండు పేర్లలో ఒకటి చెప్పకపోతే వోటు చెల్లదన్నాడు అధికారి. “గట్లయితె జానయ్య అని రాసుకోండ్రి. వాని పేరు పిలిస్తె తప్పులేదు” అని చెప్పి బయటికి వచ్చేశాడు.

మీ బావగారు అప్పుడు నవ్వారు. తన మీద ఊరికి ఉన్న గౌరవం పట్నం అధికారి కళ్ళారా చూశాడని సంబరపడ్డారు. తర్వాత యాదయ్య అదే మాట, వాడి వెనకవాళ్ళదీ అదే మాట. నర్సింగమ్మ అయితే చెంపలేసుకుని, “గా పేరు నా నోట్లకెల్లి వస్తె పురుగులు పడుతయి సారూ, జానయ్యనే రాయుండ్రి” అందట. ఆయన నవ్వు అప్పటికి ఆగిపోయింది. పట్వారీ పక్కకు చేరి పేరు అందించబోతే అధికారి అతన్ని బయటికి పంపేశాడు. ఆఖరికి మీ బావగారే లేచి, నేనే సెలవిస్తున్నాను, నా పేరు చెప్పండిరా అని అరిచారు. వరుసలో ఉన్నవాళ్ళంతా నేలమీద పడిపోయారు. “మీరు పెద్దమనసుతోని అంటరు దొరా, మేము అంటె కండ్లు పోతయి” అన్నారు. కూర్చోండి, లేదంటే మీరూ బయటికి పోవాలి అన్నాడు అధికారి. లేచిపోతే పారిపోయినట్టుంటుందని ఆయన సాయంత్రం దాకా ఆ కుర్చీలోనే కూర్చున్నారు. ఒక్కొక్కరూ వచ్చి ఆయనకు దండం పెట్టడం, జానయ్య పేరు చెప్పి పోవడం.

ఒక్క సుక్కమ్మ మాత్రం ఎవరికీ వేయకుండా తిరిగొచ్చింది. ఆమె జానయ్య భార్య. “ఒకటి దొర పేరాయె, ఒకటి నా పెనిమిటి పేరాయె, నేనేం జేతు” అని ఆ అధికారినే అడిగిందట. దీన్ని బట్టే తెలుస్తుంది కదా, వాళ్ళ మనసులో కపటం లేదని. నాకు చదువొచ్చు గనుక కాగితం నా చేతికే ఇచ్చారు. గుర్తు నేనే పెట్టి వచ్చాను.

ఫలితం తెలిసిన రోజు గడి ముందు డప్పులవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. మహబూబ్‌నగర్ నుంచి మనిషి వచ్చి చెప్పాడు. డప్పు ఆగిపోయింది. మీ బావగారు ఆ మనిషిని మళ్ళీ చెప్పమన్నారు, వాడు మళ్ళీ చెప్పాడు. వంటమనిషి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడింది. నేనూ అట్లాగే స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాను.

జానయ్య ఆముదపు చేలో దాక్కుంటే వెతికి తెచ్చారు. “గీ గెలుపు నాకొద్దు దొరా, మీదే మీరు తీస్కోండ్రి” అని ఏడ్చాడు. అట్లా ఇచ్చిపుచ్చుకునేది కాదని పైనుంచి చెప్పారు. నల్లగొండ వైపు గొడవలు చూస్తున్నారు కదా, ఈ మనిషికి గాని వాడి భూమికి గాని ఏదైనా అయితే జవాబు మీరే చెప్పాలి అని జిల్లాకు పెద్దయిన తాలూక్‌దారు మనిషిని పంపి మరీ హెచ్చరించాడు. ఇప్పుడు జానయ్య అసెంబ్లీకి పట్నం వస్తున్నాడు. ఇదంతా కలలా ఉంది నాకు.

నా మాట ఒక్కటే, తమ్ముడూ. వాళ్ళు ఆయన్ను ద్వేషించి ఓడించలేదు. భక్తి ఎక్కువై ఓడించారు. ఇంత గౌరవం ఏ దొరకు ఉంటుంది చెప్పు. దీని మీద కోర్టుకు పోవచ్చునా లేదా నువ్వే తేల్చాలి.

మీ బావగారు మంచం దిగడం లేదు. ఇక జన్మలో పట్నం గడప తొక్కనన్నారు. బంగళా వద్దని కబురు పంపారు. అక్కడ పని లేదు గనుక అండాలు పురిటికి సాయంగా జంగమ్మను, సాలమ్మను నీ దగ్గరికి పంపుతానంటే గోడవైపు తిరిగి ఊ అన్నారు. జానయ్య కూడా వస్తున్నాడు గనుక వాడి తోడునే వస్తారు. ఈ ఉత్తరం వాళ్ళ చేతికే ఇస్తున్నాను.

అండాలుకు నా దీవెనలు.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క
శ్యామలమ్మ

తాజా కలం: పై ఉత్తరం మీ బావగారు చదివారు. భక్తి అన్న చోట కళ్ళు తుడుచుకున్నారు. లిఫాఫాలో పెట్టమని తిరిగి నాకే ఇచ్చారు. ఈ రెండో కాగితం నీకొక్కడికే, చదివి పొయ్యిలో వెయ్యి.

ఊళ్ళో అందరికీ ఆయన పేరు తెలుసు. చాటున పలుకుతారు కూడా, ఎట్లా పలుకుతారో రాయను. చదువు రానివాళ్ళు నోటితో పేరు చెప్పాలని నువ్వు దసరాకు రాసిన నాడే నాకు తోచింది. వడ్లు దంచడానికి వచ్చిన ఆడవాళ్ళతో నేనూ జంగమ్మా మాట్లాడాం. అబద్ధమాడమని అడగలేదు. ఇన్నేళ్ళుగా చేస్తున్నదే ఆ రోజూ చేయండి అన్నాను. “గదెంత పని దొరసానమ్మా” అన్నాడు అక్కడే వడ్ల బస్తాలు దించుతున్న కాటమయ్య. ఆయన కుర్చీ అక్కడ వేయించింది నేను. ఆయన ఎదురుగా లేకపోతే వాళ్ళకు సాకు ఉండేది కాదు. నాకు ఏ సాకూ లేదు. రెండు పేర్లూ చదివి, జానయ్యకే గుర్తు పెట్టాను. వాడు తొడుక్కుని వచ్చే షేర్వాణీ ఎవరిదని అడగకు.

ఆ బంగళాలో సాలమ్మను ఏ పనికి ఉంచుకుంటారో నాకు తెలుసు, దాని తల్లికి తెలుసు. ఆయన గెలిస్తే ఆపడం నా వల్ల అయ్యేది కాదు. ఇప్పుడు ఆయన రానని ఒట్టేసుకున్న ఊరు ఒక్క పట్నమే గనుక అక్కడికే పంపుతున్నాను. దాన్ని తిరిగి పంపకు. కుదిరిన పిల్లవాడు అక్కడే అచ్చు కార్ఖానాలో పని చేస్తాడు, మంచివాడు. పెళ్ళి నువ్వే చెయ్యి.

నువ్వే ఎందుకు చేయాలో కూడా చెప్పాలి. నా పెళ్ళిలో జంగమ్మను నాతో పంపేటప్పటికి దానికి మూడో నెల. మన ఇంట్లో ఉంచలేకే పంపారు. నువ్వు అప్పటికి చిన్నవాడివి. అమ్మకు తెలుసు, నాకు తెలుసు, నాన్న పోయేదాకా ఎవరం నోరు తెరవలేదు. సాలమ్మ మన నాన్న బిడ్డ.

తలుపు తీసినప్పుడు దాని ముఖం ఒకసారి సరిగ్గా చూడు, నీకే తెలుస్తుంది. దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు. అలవాటు కొద్దీ నిన్ను దొరా అంటుంది. అన్నా అని పిలవమని నువ్వే చెప్పాలి.