ఏడో ట్యూబ్ మీద రెండు చుక్కలు

యాదక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. పోయిన నెల ల్యాబ్‌లో పాత ఫ్రీజర్ ఖాళీ చేస్తుంటే నీ చేతిరాత ఉన్న డబ్బా దొరికింది.

నువ్వు పెంచిన కణాల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో నేను కంప్యూటర్‌లో చూసేవాణ్ణి. పన్నెండు నమూనాల్లో ఏడోదాంట్లో మాత్రం, మిగతావాటిలో నిద్రపోతున్న ఒక జన్యువు మేలుకొని ఉంది. ఏదో పొరపాటు జరిగిందని దాన్ని లెక్కలోంచి తీసేశాను.

"నా చేతిల తప్పు కాలే తమ్మీ" అన్నావు. అంతే. ఆ సాయంత్రం కూడా క్యాంపస్ నుంచి తార్నాక దాకా కలిసే నడిచాం. జామకాయ కొని, కారం ఎక్కువ పడ్డ సగం నాకిచ్చి లాలాగూడ బస్సెక్కావు.

చేసిన పని మళ్లీ చేస్తే ట్యూబ్ మూత మీద రెండో చుక్క పెట్టడం నీ అలవాటు. డబ్బాలో ఏడో నంబరువి రెండు ట్యూబులున్నాయి. ఒకదానికి రెండు చుక్కలు. దాని మీద తేదీ నువ్వా మాట అన్న మర్నాటిది. అవే కణాలతో మళ్లీ చేసి, నాకు చెప్పనేలేదు నువ్వు.

దాన్ని పరీక్షకు పంపాను. ఇవాళ ఫలితం వచ్చింది. ఆ జన్యువు మేలుకొనే ఉంది అక్కా.

సాయంత్రం తార్నాకలో జామకాయ కొన్నాను. "ఎప్పటి లెక్కనే సగం చెయ్యాల్నా సార్?" అంది బండి ఆమె. చెయ్యమన్నాను. కారం ఎక్కువ పడ్డ సగం నేను తిన్నాను. నీ సగం కాగితంలో అలాగే ఉండిపోయింది.