తెలుగులో ఏడ్చిన గది

మంగళవారం

మహారాష్ట్రలోని ఉమ్రిలో చిన్నాయన ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో ఆయన నన్ను కొట్టి, గదిలో పెట్టి గొళ్ళెం వేసేవాడని చెప్పినప్పటి నుంచి కౌన్సెలర్ మేడమ్ నేను వెళ్లిన ప్రతిసారీ తలుపు తెరిచే ఉంచుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఈ వారమూ వచ్చిందని ఈరోజు చెప్పాను, ఎప్పటిలాగే మరాఠీలో, తహసీల్ ఆఫీసులో అర్జీ చదివినట్టు. ఆమె, ఆ గదిలో ఏ భాషలో ఏడ్చేదానివి అని అడిగింది. ఆ భాషలోనే చెప్పు, నాకు తెలుగు రాకపోయినా వింటాను, కష్టమైతే మానెయ్ అంది.

నాకు నవ్వొచ్చింది. రాని భాషలో ఏం వింటుందట! తీరా నోరు తెరిస్తే ఒక్కటే మాట వచ్చింది.

"ఎప్పుడస్తవే అవ్వా? నన్ను తీస్కపోవే."

ఆమె అర్థం అడగలేదు.

ఇంటికొచ్చి ఊళ్లో ఉన్న అమ్మకు, మా అవ్వకు, ఫోన్ చేశాను.

"తిన్నవా బిడ్డా?" అంది.

రోజూ చెప్పే 'మంచిగున్న' ఈరోజు నోట రాలేదు. "మంచిగ లేనవ్వా" అన్నాను.

"పొద్దుగాల రైలుబండికస్త" అంది, అంతే.

అప్పట్లో ఆ గదిలో, రైలు కూసినప్పుడల్లా అవ్వే వచ్చిందనుకునేదాన్ని. ఇక్కడికి స్టేషన్ దూరం. అయినా ఇప్పటి నుంచే చెవి అటే ఉంది.