తొండుపల్లికి పంపిన బాతుపిల్లలు

శంషాబాద్, 18-7-2011

చి. మనీషాకు నానమ్మ ఆశీస్సులు.

మీ హాస్టల్ ఫోను ఎవరూ ఎత్తడం లేదు కనుక కార్డు రాస్తున్నాను. నీ బాతుపిల్లలు ఏడూ ఈ పూటవరకు బతికే ఉన్నాయి, కంగారుపడకు. రోడ్డు వెడల్పు పనిలో పెరటి గోడ పోయి కుక్కలు జొరబడుతుంటే, వాటిని తొండుపల్లిలో మీ మేనత్త సక్కుబాయికి ఇచ్చాను. వాటిని పొదిగిన కోడిని మాత్రం గుడ్ల కోసం ఇక్కడే ఉంచాను. సక్కుబాయి ముచ్చటపడి పిల్లల్ని నీళ్ల తొట్టిలో వదిలింది. తల్లిబాతు ఒంటి నూనె అంటని పిల్లలు కదా, బొచ్చంతా నానిపోయింది. నేను వెళ్లేసరికి వణుకుతున్నాయి.

"గిదేందమ్మా, బాతుకు గూడ ఈత రాదా?" అంది.

"పుట్టంగనే పిల్లను బాయిల ఏస్తరానే?" అన్నాను. ఇంకా చాలా అన్నాను.

మర్నాడు కోడినీ అక్కడికే చేర్చాను. విమానం నీడ పడగానే అది గద్ద అనుకుని రెక్కలు విప్పింది. ఆరు పిల్లలు కిందికి దూరాయి, ఏడవది లేవలేకపోయింది. దాన్ని తెచ్చి పొయ్యి పక్కన గంపలో పెట్టాను. నూకల జావ మింగుతోంది గాని మెడ నిలపడం లేదు. మీ వ్యవసాయ కాలేజీలో సార్లను అడిగి, ఏం చేయాలో వెంటనే రాయి.

దుప్పటి చాలుతోందా? పెరుగు వేస్తున్నారా?

సక్కుబాయికి కూడా ఒక కార్డు వెయ్యి. అందులో తొట్టి మాట ఎత్తకు. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదట, నేను తిట్టింది చాలు.

మీ నానమ్మ