అమ్మ పేరు

రాజమండ్రి,
18-5-1998.

చెల్లీ దుర్గా,

"పాప నన్ను తలుచుకుంటోందా అక్కా?" అని రాశావు. తలుచుకుంది, అదే వచ్చిన చిక్కు. నర్సరీ సీటుకి పిల్లలనీ ఇంటర్వ్యూ చేస్తారట. హేమశ్రీ రంగులూ పళ్ళ పేర్లూ గడగడా చెప్పేస్తోంది. "మీ అమ్మ పేరేంటమ్మా?" అంటే మాత్రం నీ పేరు చెప్పేది. ఆర్నెల్ల క్రితం దత్తత నాడు దాన్ని నా ఒళ్ళో కూర్చోబెట్టింది నువ్వే కదా! మరి బడిలో నా పరువేం కావాలి?

అందుకని రోజూ పాలిచ్చే ముందు అడిగేదాన్ని. నీ పేరు చెబితే చెక్క స్కేలుతో అరచేతి మీద ఒక్కటే దెబ్బ. గట్టిగా కాదులే. మీ బావగారు "మూడేళ్ళ పసిదే, వదిలెయ్యవే" అన్నారు. ఆయనకేం తెలుసు? తొమ్మిదో రోజుకి నా పేరు చెప్పింది. నిన్న సీటూ వచ్చింది.

ఇంక నువ్వు నిశ్చింతగా వచ్చి చూసి వెళ్ళొచ్చు. నిన్ను చూసి ఏడుస్తుందని బెంగ పెట్టుకోకు. పొద్దున నీ ఫోటో చూపించి "ఎవరమ్మా?" అని అడిగాను. రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది.

నీ అక్క,
హేమశ్రీ వాళ్ళమ్మ