కొంగ మార్కు రాయి

ఈ దీవి పట్నంలో చిన్నా పెద్దా అందరూ రాళ్ళపిన్ని అని పిలిచే నేను, ఎవరి ఒత్తిడీ ఎవరి బతిమాలాటా లేకుండా, పూర్తి తెలివితో, నా ఎడమ చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను రాసినవి ఏమైనా ఉంటే ఇకపై చెల్లవు.

తెలివి సంగతి ముందే తేల్చాలి. నా మేనల్లుడు, అంటే మా అన్నయ్య కొడుకు, అత్తకు మతి పోయిందనీ రాళ్ళతో మాట్లాడుతోందనీ రేవులో కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు. మాట్లాడేది నిజమే. జీవితమంతా వాటితోనే గడిచింది, అవి నా మాటకు అడ్డు రావు. ఈ ఉదయం మా వీధి డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అడగాల్సినవన్నీ అడిగి, తెలివి సరిగ్గానే ఉందని కాగితం రాసిచ్చింది. దాన్ని దీనికి జతచేశాను. మధ్యాహ్నం పడవలో మేనల్లుడు అవతలి ఒడ్డు నుంచి వేరే డాక్టరును వెంటబెట్టుకుని వస్తున్నాడని కబురు. ఆ డాక్టరు ఏం రాస్తాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ పడవ కూత పెట్టేలోగా దీని మీద సంతకాలు పడాలి. ఎదురుగా లాయరు కూర్చుని క్లుప్తంగా రాయమ్మా అంటున్నాడు. నా చేతనైనంత క్లుప్తంగా రాస్తాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత రేవు పక్కన పడవలు బాగుచేసే వడ్రంగికి అప్పగిస్తున్నాను. ఆయనకు కండబలం ఎక్కువ, నోరు తక్కువ. నా పనికి రెండూ కావాలి.

2. నేనుంటున్న ఈ ఇల్లు, లోపలి సామానుతో సహా, కింద విడిగా చెప్పినవి మినహా, రేవులో టికెట్లు ఇచ్చే నా కూతురికి చెందుతుంది. దానిపై ఆమెకు సర్వహక్కులూ ఉంటాయి. వంటింటి కిటికీ రెక్కను పైకెత్తి లాగాలి, బలంగా లాగితే ఊడొస్తుంది. ఈ ముక్క చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది, అందుకే ఇప్పుడు చట్టబద్ధంగా చెబుతున్నాను.

3. ఫ్యాక్టరీలో నాకు తోడుగా పొగాకు ఈనెలు తీసిన, మేమంతా ఈనెలక్క అని పిలుచుకునే నా స్నేహితురాలికి నా భూతద్దం, నా ఉన్ని శాలువా. నా నల్ల గొడుగు ఏళ్ళ తరబడి ఆమె దగ్గరే ఉంది. అడిగినప్పుడల్లా ఎండిపోయాక ఇస్తానంటుంది. ఆ గొడుగు కూడా ఇక ఆమెదే.

4. ముందు గదిలో గోడకు చేరవేసిన అచ్చురాళ్ళన్నీ మేనల్లుడికి.

ఈ దీవిలో చుట్టల ఫ్యాక్టరీ వెలిగిన రోజుల్లో పెట్టెల మీద అంటించిన రంగు లేబుళ్ళు వీటి మీద గీసినవే. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. జిడ్డు పెన్సిలుతో రాతి మీద తిరగేసి గీస్తే కాగితం మీద తిన్నగా పడుతుంది. కిరీటాలు పెట్టుకున్న రాణులు, కోటలు, సింహాలు, ఏ రాజూ ఇవ్వని బంగారు పతకాలు. సింహాన్ని చూసినవాడు ఈ దీవిలో లేడు, పతకం గెలిచినవాడు అంతకన్నా లేడు. "జనం పెట్టెను చూసి కొంటారమ్మా, పొగను చూసి కాదు, ఇంకో పతకం వెయ్యి" అనేవాడు మా యజమాని. నేను వేసేదాన్ని. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ రాళ్ళను సముద్రంలో పారబోస్తుంటే బండి కట్టించి ఇంటికి తెచ్చుకున్నాను.

మేనల్లుడు ఆ ఖాళీ ఫ్యాక్టరీని కొన్నాడు. ఎక్కడో మిషన్ల మీద తయారైన చుట్టలు తెప్పించి, ఇక్కడ పెట్టెల్లో సర్ది, ఈ దీవి చుట్టలని అమ్మాలని వాడి ఆలోచన. దానికి రాణులూ సింహాలూ బాగా సరిపోతాయి. వాటిని ఎంతమంది అడిగినా ఇవ్వకుండా వాడి కోసమే ఉంచాను. వాడు చెడ్డవాడు కాదు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఈ ఇంటికే వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చాడు. తొందరపాటు మనిషి, అంతే.

5. వెనక గదిలో గోనెపట్టా కప్పి ఉన్న, మూల విరిగిన రాయి. వాడికి కావలసింది ఇది. గొడవంతా దీని గురించే. దీన్ని ఎవరికీ ఇవ్వడం లేదు. ఎందుకో రాస్తాను.

నేను ఫ్యాక్టరీ అచ్చుగదిలో బొమ్మలు గీస్తున్న రోజుల్లో యజమాని చుట్టేవాళ్ళ కూలి తగ్గించాడు. వాళ్ళు పని ఆపారు. ఆయన గేటుకు తాళం వేశాడు. చుట్టేవాళ్ళలో నా భర్త ఒకడు. నెలలు గడిచినా తాళం తెరుచుకోలేదు. అప్పుడు అందరూ ఒక పాత పడవల షెడ్డులో బల్లలు వేసుకుని, రైతుల్ని ఒప్పించి ఆకు తెచ్చుకుని, సొంతంగా చుట్టడం మొదలుపెట్టారు. చుట్టలు తయారయ్యాయి గానీ లేబుల్ లేని పెట్టెను రేవులో పడవ ఎక్కించనివ్వరు. లేబుల్ గీయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

మూల విరిగిందని అచ్చుగది బయట పారేసిన రాయిని నా భర్తా, అప్పటికింకా కుర్రాడైన మా వడ్రంగీ కలిసి షెడ్డుకు మోసుకొచ్చారు. ఏం గీయాలని అడిగితే సింహం మాత్రం వద్దన్నారు అందరూ. పని లేక రేవు గట్టు మీద నిలబడి నిలబడి మేమంతా కొంగల్లా తయారయ్యామని ఈనెలక్క అంటే అందరూ నవ్వారు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను గీశాను. కింద 'ఈ దీవిలో చేత్తో చుట్టినవి' అని రాశాను. ఒకటే రాయి కాబట్టి ఒకటే రంగు, నలుపు. పతకాల్లేవు.

మర్నాడు మా అన్నయ్య వచ్చాడు. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది అన్నయ్యే. ఆయన ఆ ఫ్యాక్టరీలో మేస్త్రీ. అచ్చుగదిలో నన్ను పనికి పెట్టించిందీ ఆయనే. యజమాని మనుషులు ఇద్దరు వెనకాల ఉన్నారు. అన్నయ్య చేతిలో గునపం ఉంది. రాయిని పగలగొట్టి రమ్మని ఆయన్నే పంపారు, చెల్లెలి పని అన్నే చక్కబెట్టాలని.

"పక్కకు జరుగు" అన్నాడు.

"జరగను అన్నయ్యా."

"నీ జోలికి రాలేదు. రాయి కోసం వచ్చాను. నా ఉద్యోగం తీయించకు."

నేను కుడి చేతిని రాయి మీద పరిచాను. షెడ్డులో చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి. గునపం పైకి లేచింది. చెయ్యి లాక్కుంటానని ఆయన అనుకున్నాడు. ఆపుతాడని నేను అనుకున్నాను. ఇద్దరం ఒకే కడుపున పుట్టినవాళ్ళం కదా, ఇద్దరమూ తగ్గలేదు.

ఎముకలు విరిగిన చప్పుడు విని యజమాని మనుషులే ముందు పారిపోయారు. అన్నయ్య గునపం పారేసి, నన్ను వీపున వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. కట్టు కట్టేదాకా బయట గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. తర్వాత వెళ్ళిపోయాడు. పక్క వీధిలోనే ఉంటూ ఆయన నా గడప తొక్కలేదు, నేను ఆయన గడప తొక్కలేదు. ఎదురుపడితే ఇద్దరిలో ఒకరం రోడ్డు దాటేవాళ్ళం.

రాయికి ఏమీ కాలేదు. కొంగ లేబుల్ అంటించుకుని మా పెట్టెలు పడవ ఎక్కాయి. అవతలి ఒడ్డున జనం కొంగ చుట్టలని అడిగి కొన్నారు. యజమాని కూలి పెంచి గేటు తెరిచినా సగం మంది వెనక్కి వెళ్ళలేదు. నా ఎడమ చెయ్యి పని నేర్చుకుంది. రాతి మీద అక్షరాలు తిరగేసి రాయాలి కదా, దానికి అది సులువుగానే అలవాటైంది. చాలా ఏళ్ళు బాగా బతికాం. ఆ తర్వాత మిషన్ చుట్టలు వచ్చాయి, ఆపైన జనం చుట్టలే మానేశారు. మానడం తప్పని నేను అనను. నా భర్త ఊపిరితిత్తులు ఎలా పోయాయో దగ్గరుండి చూసినదాన్ని. మా షెడ్డులో చుట్టినవాళ్ళలో ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

కాబట్టి నా ఆజ్ఞ ఇది. నేను పోయిన రోజే, ఎవరు అడ్డుపడినా ఆగకుండా, వడ్రంగి ఈ రాయి మీద ఇసుకా నీళ్ళూ పోసి, ఇంకో రాయితో రుద్ది, కొంగను పూర్తిగా చెరిపేయాలి. ఆ లేబుల్ మీద రాసిన మాట ఒకప్పుడు నిజం. ఇప్పుడు దాన్ని ఏ పెట్టె మీద అంటించినా అబద్ధమే. నా కుడి చెయ్యి గీసిన ఆఖరి బొమ్మ అది. దాని చేత అబద్ధం చెప్పించను. నేనుండగానే చెరిపించవచ్చు కదా అని లాయరు అడిగాడు. నేను చూడలేను. కూతుర్ని అడిగితే, "నా వల్ల కాదమ్మా, ఇంకేదైనా చెప్పు" అంది. అందుకే వడ్రంగి.

6. అచ్చు వేసిన కొంగ లేబుళ్ళు నా దగ్గర మిగిలినవి పట్నం గ్రంథాలయానికి. అద్దం కింద పెట్టాలి. అందరూ చూడవచ్చు, ఎవరూ అంటించకూడదు.

7. మా అన్నయ్యకు నాన్న చేతి గడియారం రాద్దామనుకున్నాను. రాయడం లేదు. సాక్షి సంతకం పెట్టే మనిషికి అదే వీలునామాలో ఆస్తి రాయకూడదని లాయరు చెప్పాడు. ఈ కాగితాన్ని మేనల్లుడు కోర్టుకు ఈడుస్తాడు. అప్పుడు అత్తకు మతి ఉందని వాడి తండ్రి చేవ్రాలే చెప్పాలి. అన్నయ్యను రమ్మని పొద్దున్నే కూతురి చేత కబురు పంపాను. విన్నాడట, బదులు చెప్పలేదట. గడియారం కూతురికే.

ఇంతవరకూ రాసి కూర్చున్నాను. డాక్టరమ్మ సంతకానికి సిద్ధంగా ఉంది. రెండో సాక్షిగా దారిన పోయేవాడినైనా పిలుద్దామని లాయరు తొందరపెడుతున్నాడు. వద్దన్నాను. అవతలి ఒడ్డు నుంచి పడవ బయల్దేరిందని కూతురు రేవు నుంచి ఫోన్ చేసింది.

అన్నయ్య వచ్చాడు. కర్ర పట్టుకుని మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది వీలునామాలో ఉండకూడదని లాయరు అంటే అననీ.

"చదువుతావా అన్నయ్యా" అని అడిగాను.

"సాక్షి చదవక్కర్లేదటగా. నువ్వు సంతకం పెడుతుంటే చూస్తే చాలట."

"నీ కొడుక్కు కోపం వస్తుంది."

"వస్తే నా దగ్గరికే వస్తాడు. ముందు నువ్వు పెట్టు."

పైన రాసినదంతా నా ఇష్టపూర్వకంగా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

మార్చి పదకొండు, సోమవారం.

(సంతకం) రాళ్ళపిన్ని

సాక్షులు:

ఒకటి. వీధి డాక్టరమ్మ. ఈమెను ఈ ఉదయం పరీక్షించాను. నా ఎదుటే సంతకం చేశారు.

రెండు. మూతపడిన చుట్టల ఫ్యాక్టరీ మేస్త్రీని. నా ఎదుటే సంతకం చేసింది. ఈమె తెలివిలో ఏ లోపమూ లేదు. ఈమె పుట్టినప్పటి నుంచీ నాకు తెలుసు. నా చెల్లెలు.